బ్యాటరీ టర్మినల్‌కు చిలుము: కడగడం ఎలా, మళ్లీ రాకుండా చూసుకోవడం ఎలా

"పొద్దున సెల్ఫ్ కొడితే టక్‌టక్ అని ఆగిపోతోంది, బానెట్ లేపి చూస్తే పాజిటివ్ దగ్గర తెల్లగా, పచ్చగా పొంగి ఉంది, బ్యాటరీ మార్చాల్సిందేనా అన్నా?" ఎండలు ముదిరేసరికి ఇలా అడిగేవాళ్లు ఎక్కువవుతారు. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ, అటు పాలమూరు వైపు జడ్చర్ల, వనపర్తి, ఎక్కడివాళ్లు అడిగినా ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాస్తున్నా. ముందే చెప్పేస్తున్నా, చాలాసార్లు బ్యాటరీకి ఏమీ కాదు. పోస్ట్‌కు (బ్యాటరీ పైకి పొడుచుకొచ్చిన సీసం మొనకు), క్లాంప్‌కు (దాన్ని పట్టుకునే వైరు చివరి బిగింపుకు) మధ్య చిలుము చేరి కరెంటు సరిగా దాటడం లేదు, అంతే. వేలు పోసి కొత్త బ్యాటరీ కొనే ముందు ఒక వంటసోడా ప్యాకెట్ కొనండి.

అయితే కడగడం ఇందులో తేలిక భాగం. చిలుము మీదే గ్రీజు దట్టంగా రుద్దేసి బానెట్ దించేయడం మన దగ్గర పెద్ద అలవాటు. అలా చేస్తే పైకి శుభ్రంగా కనిపిస్తుంది, లోపల తినేస్తూనే ఉంటుంది. శుభ్రం చేయాలి, బిగించాలి, ఆ తర్వాతే పూయాలి. ఈ వరస తప్పితే మిగతాదంతా దండగ.

అసలు అది ఏంటి

బ్యాటరీ లోపల ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు. ఛార్జ్ అయ్యేటప్పుడు గ్యాస్ పుడుతుంది, దాంతో పాటు సన్నటి యాసిడ్ తుంపర కూడా బయటికి వస్తుంది. పోస్ట్ మొదట్లో సీలు వదులైతే అక్కడి నుంచి కూడా యాసిడ్ పైకి పాకుతుంది. అది సీసానికి తగిలితే తెల్లటి పొడి, రాగికి తగిలితే నీలం, ఆకుపచ్చ. ఇత్తడి క్లాంపుల్లో రాగి ఉంటుంది కాబట్టి అవి తొందరగా పచ్చబడతాయి.

పొడి కొంచెమే కదా అనుకోవద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటార్ 150 ఆంపియర్లు లాగిందనుకోండి, మధ్యలో ఒక ఓములో నూరో వంతు అడ్డం ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. లైట్లు బాగానే వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్ మాత్రం అందుకోదు. "లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి టర్మినల్ బాగానే ఉంది" అనే లెక్క అందుకే పనికిరాదు.

నీళ్లు పోయనక్కర్లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీకి ఇవేవీ రావని ఇంకో నమ్మకం. దానికీ గ్యాస్ పోయే రంధ్రం ఉంటుంది, దానికీ చిలుము వస్తుంది, కాకపోతే తక్కువ.

ఇవి కనిపిస్తే మీరు ముట్టుకోవద్దు

బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నా, డబ్బా పగిలి యాసిడ్ కారుతున్నా, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా కడిగే పని పెట్టుకోకండి. అది టర్మినల్ సమస్య కాదు. బండిని అలాగే వదిలి మెకానిక్‌ను పిలవండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో ఆరెంజ్ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. పాలమూరు పక్కన దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది కదా, ఇక ఈ సీసం బ్యాటరీల గోల ఉండదు కదా అని ఒకాయన అడిగాడు. ఇంకొన్నాళ్లు ఉంటుంది. ఎలక్ట్రిక్ కార్లలో కూడా లైట్లకు, లాకులకు విడిగా ఒక 12 వోల్టుల బ్యాటరీ పెడతారు, చాలా వాటిలో అది ఈ పాత సీసం బ్యాటరీయే.

కావాల్సినవి

- వంటసోడా, అంటే బజ్జీల పిండిలో వేసే తినే సోడా. బట్టల సోడా కాదు, నిమ్మ ఉప్పు అసలే కాదు, అది కూడా యాసిడే.
- ఒక చెంబు వేడి నీళ్లు, ఒక బకెట్ మామూలు నీళ్లు.
- పాత టూత్‌బ్రష్‌లు రెండు. చిన్న వైర్ బ్రష్ ఉంటే మంచిది.
- సన్నరకం ఉప్పు కాగితం.
- పానాలు. కార్లకు ఎక్కువగా 10 నంబర్ సరిపోతుంది, ట్రాక్టర్లకు 12, 13 కూడా దగ్గర పెట్టుకోండి.
- రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, మూతికి మాస్క్.
- పాత నూలు గుడ్డలు. తుడిచాక పారేసేవే తీసుకోండి.
- వ్యాజిలిన్, లేదా స్పేర్ పార్ట్స్ షాపులో దొరికే బ్యాటరీ టర్మినల్ స్ప్రే.
- పోస్ట్ కింద వేసే ఫెల్ట్ వాషర్లు (చిలుము రాకుండా మందు పట్టించిన ఒత్తు గుడ్డ బిళ్లలు), ఎరుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి. దొరక్కపోతే పని ఆగదు.
- మల్టీమీటర్. మామూలుది కొన్ని వందల్లో వస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ కూడా ఉంటే దాని ఖర్చు ఊరికే పోదు.

మంచి చొక్కా వేసుకుని ఈ పనికి దిగొద్దు. యాసిడ్ చుక్క పడినప్పుడు ఏమీ కనిపించదు, రెండు ఉతుకులయ్యాక చొక్కాకు చిల్లులు పడతాయి.

పని ఎలా చేయాలి

1. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ఎండాకాలంలో అయితే పొద్దున తొమ్మిదిలోపు ముగించుకునేలా చూసుకోండి, ఆ తర్వాత బానెట్ కింద చేయి పెట్టలేరు. బండి గాలి ఆడే చోట ఉండాలి, తలుపులు మూసిన షెడ్డులో వద్దు. బీడీ, సిగరెట్, అగరుబత్తి, ఏ నిప్పూ దగ్గర ఉండకూడదు. బ్యాటరీ నుంచి వచ్చేది హైడ్రోజన్, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి తీసిన బ్యాటరీ అయితే ఇంకా జాగ్రత్త. ఉంగరాలు, కడియం, వాచీ, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. పాజిటివ్‌కు, బాడీకి మధ్య ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది, వేలు కూడా దాంతో పాటే.

2. ఇగ్నిషన్ ఆఫ్ చేసి తాళం జేబులో వేసుకోండి, కిటికీ అద్దం ఒకటి దించి ఉంచండి. కరెంటు తీసిన కాసేపటికి డోర్లు లాక్ అయి తాళం లోపలే ఉండిపోతే చిలుము కంటే పెద్ద టెన్షన్ అది. గడియారం, స్టీరియో సెట్టింగులు పోవచ్చు, కొన్ని బండ్లలో స్టీరియో కోడ్ అడుగుతుంది, కోడ్ ఉంటే ముందే వెతికి పెట్టుకోండి.

3. విప్పే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీయండి. ఏ వైరు ఎటు ఉందో, ఏ నట్టు కింద ఏ చిన్న వైరు ఉందో తర్వాత గుర్తుండదు. పాజిటివ్ గుర్తు చూసుకోండి, ప్లస్ గుర్తు ఉంటుంది, ఎర్ర మూత ఉంటుంది, పోస్ట్ కూడా నెగెటివ్ కంటే కాస్త లావుగా ఉంటుంది. వైరు రంగును మాత్రం నమ్మొద్దు. పాత ట్రాక్టర్లలో, ఒకసారి వైరింగ్ మార్చిన బండ్లలో రెండు వైర్లూ నల్లవే వేసి వదిలేస్తారు.

4. ముందు నెగెటివ్ విప్పండి. తర్వాతే పాజిటివ్. దీనికి కారణం తెలిస్తే ఎప్పటికీ మర్చిపోరు. బండి బాడీ మొత్తం నెగెటివ్‌కు కలిసి ఉంటుంది. పాజిటివ్ నట్టు తిప్పుతుంటే పానా రెండో కొన బాడీకి తగిలిందంటే నేరుగా షార్ట్. నెగెటివ్ ముందే తీసేసి ఉంటే పానా బాడీకి ఎక్కడ తగిలినా ఏమీ కాదు. తీసిన నెగెటివ్ వైరును గుడ్డలో చుట్టి దూరంగా వంచి పెట్టండి, అది మెల్లగా వెనక్కి వచ్చి పోస్ట్‌కు తగులుకుంటూ ఉంటుంది.

   క్లాంప్ రాకపోతే సుత్తితో కొట్టకండి, స్క్రూడ్రైవర్ కింద పెట్టి పైకి ఎత్తకండి. ఆ దెబ్బకే పోస్ట్ మొదట్లో సీలు చిట్లుతుంది, ఇక ఆ సందులోంచి యాసిడ్ జీవితాంతం పైకి వస్తూనే ఉంటుంది. నట్టు పూర్తిగా వదులు చేసి, క్లాంప్ మీద కొంచెం వేడి నీళ్లు పోసి, రెండు నిమిషాలు ఆగి, అటూ ఇటూ తిప్పుతూ లాగండి. అప్పటికీ రాకపోతే క్లాంప్ చీలికలో స్క్రూడ్రైవర్ పెట్టి కాస్త విప్పార్చండి. నెగెటివ్ మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా లాంటి సెన్సర్ ఉన్న కొత్త కార్లలో దాన్ని పట్టుకుని లాగొద్దు, క్లాంప్ లోహాన్నే పట్టుకోండి.

5. నీళ్లు పోసే బ్యాటరీ అయితే ఆరు మూతలూ గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చేత్తో తిప్పి చూడండి. కడగడానికి వాడే వంటసోడా నీళ్లు లోపలికి పోతే అక్కడి యాసిడ్‌ను చంపేస్తాయి, ఆ సెల్లు దెబ్బతింటుంది. మూతల చిన్న రంధ్రాల మీద తడిపి పిండిన గుడ్డ పరిచి ఉంచితే ఇంకా మంచిది, పనయ్యాక ఆ గుడ్డ తీసేయడం మర్చిపోవద్దు, గ్యాస్ పోయేది ఆ రంధ్రాల్లోంచే.

6. గ్లాసుడు వేడి నీళ్లలో పెద్ద చెంచాడు వంటసోడా కలపండి. టూత్‌బ్రష్ ముంచి పోస్ట్ చుట్టూ, క్లాంప్ లోపలా బయటా రుద్దండి. బుసబుసా పొంగుతుంది, భయపడొద్దు, యాసిడ్ చస్తోందని అర్థం. పొంగు ఆగేదాకా మళ్లీ మళ్లీ పెట్టండి. నీళ్లు ధారగా కుమ్మరించొద్దు, బ్రష్‌తో కొంచెం కొంచెంగానే. కొన్ని కార్లలో పాజిటివ్ మీదే ఫ్యూజుల పెట్టె ఉంటుంది, కొన్నింటిలో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) సరిగ్గా కిందే ఉంటుంది, వాటి మీద ప్లాస్టిక్ కవర్ కప్పండి.

   ఎండిన పొడిని వైర్ బ్రష్‌తో గీకడం మాత్రం చేయొద్దు. ఆ పొడిలో సీసం ఉంటుంది, గాలిలో లేచి ముక్కులోకి పోతుంది. ముందు తడపండి, తర్వాత గీకండి.

   సోడా లేదా? వట్టి వేడి నీళ్లతో కూడా పొడి చాలావరకు కరిగిపోతుంది, కానీ యాసిడ్ పూర్తిగా పోదు. కూల్‌డ్రింక్ పోసే పద్ధతి వీడియోల్లో బాగా తిరుగుతోంది. అందులో ఉన్నదీ యాసిడే, పైన చక్కెర, జిగట. చిలుము కదులుతుంది నిజమే, తర్వాత ఆ జిగటకు దుమ్మంతా అంటుకుంటుంది. నాకైతే నచ్చదు.

7. మామూలు నీళ్లలో ముంచిన గుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, పొడి గుడ్డతో పూర్తిగా ఆరబెట్టండి. బ్యాటరీ పైభాగం మొత్తం తుడవాలి, పోస్టులు మాత్రమే కాదు. కింద ట్రేలో నిలిచిన నీళ్లు కూడా తీసేయండి, లేదంటే ట్రే తుప్పు పడుతుంది. పెయింట్ మీద పడిన చుక్కలను అప్పుడే కడిగేయండి. కడిగిన నీళ్లు గొడ్లు తాగే తొట్టి వైపు, కూరగాయల మడి వైపు పోనివ్వకండి.

8. ఇప్పుడు ఉప్పు కాగితం. పోస్ట్ చుట్టూ, క్లాంప్ లోపలి గుండ్రం మొత్తం, సీసం తెల్లగా మెరిసేదాకా తేలిగ్గా రుద్దండి. కరెంటు దాటేది క్లాంప్ లోపలి ముఖం నుంచి, బయట ఎంత మెరిసినా లాభం లేదు, చాలామంది బయట రుద్ది లోపల వదిలేస్తారు. అలాగని పోస్ట్‌ను అరగదీయకండి, సీసం మెత్తది, రెండు మూడేళ్లు ప్రతిసారీ గట్టిగా రుద్దితే పోస్ట్ సన్నబడి క్లాంప్ ఎంత బిగించినా తిరుగుతూనే ఉంటుంది.

   ఈ దశలోనే వైరును కూడా చూడండి. క్లాంప్ దగ్గర రబ్బరు తొడుగు ఉబ్బి గట్టిపడి ఉంటే, నొక్కితే లోపల కరకరమంటే, చిలుము వైరు లోపలికి పాకిందని అర్థం. అక్కడ ఎంత కడిగినా పనికిరాదు. రాగి ఎర్రగా కనిపించేదాకా కోసి కొత్త లగ్గు (వైరు కొనకు వేసే లోహపు తొడుగు) వేయించాలి, ప్రెస్ కొట్టించాలి. ప్లేటు, రెండు బోల్టులతో వైరును నొక్కిపెట్టే రెడీమేడ్ క్లాంప్ దారిలో గడవడానికే, ఎప్పటికీ దాని మీదే నడపడానికి కాదు.

9. ఫెల్ట్ వాషర్లు ఉంటే పోస్ట్ మొదట్లోకి దించండి, ఎరుపు పాజిటివ్‌కు, ఆకుపచ్చ నెగెటివ్‌కు. బదులుగా మామూలు నూలు గుడ్డ చుట్టొద్దు, అది యాసిడ్‌ను పీల్చుకుని అక్కడే నిల్వ పెడుతుంది.

10. ఈసారి ముందు పాజిటివ్, చివర నెగెటివ్. క్లాంప్ పోస్ట్ మీద పూర్తిగా కిందికి దిగాలి, సగంలో నిలబడకూడదు. చిన్న పానా పట్టుకుని మణికట్టు బలంతో బిగించండి. చేత్తో తిప్పితే క్లాంప్ కదలకూడదు, అంతవరకు చాలు. పొడుగు పైపు పెట్టి బిగిస్తే సీసం నలుగుతుంది, సీలు పోతుంది. చివరగా నెగెటివ్ పెట్టేటప్పుడు చిన్న నిప్పురవ్వ రావచ్చు. పెద్దగా చిటపటలాడితే ఆగండి, లోపల ఏదో ఆన్‌లో ఉంది లేదా వైరు తప్పు పడింది.

    క్లాంప్ వదులుగా ఉంటే మన దగ్గర రేకు ముక్కో, మేకో, మడతపెట్టిన వైరో దూరుస్తారు. పని జరుగుతుంది కానీ తాకేది ఒక్క చోటే, అక్కడ వేడెక్కి మళ్లీ చిలుము మొదలవుతుంది. సీసం రేకు తొడుగు దొరుకుతుంది, అది వేయండి, లేదా క్లాంపే మార్చేయండి.

11. ఇప్పుడే, బిగించిన తర్వాతే, వ్యాజిలిన్. క్లాంప్ పైనా, నట్టు మీదా, పోస్ట్ కనిపించే చోటా, కింద వాషర్ చుట్టూ పలచగా పూయండి. లోహం ఎక్కడా గాలికి కనిపించకూడదు, అలాగని ముద్దగా కూడా ఉండకూడదు. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండకు బానెట్ కింద వ్యాజిలిన్ కరిగి జారిపోతుంది, అందుకే ఎండాకాలానికి ముందు ఒకసారి, వానలు మొదలయ్యే ముందు ఇంకోసారి చూసి పూసుకోవాలి. ఎక్కువ తిరిగే బండి అయితే టర్మినల్ స్ప్రే కొనుక్కోండి, అది ఆరి పొరలా పట్టి ఎక్కువ కాలం నిలుస్తుంది.

    మామూలు గ్రీజు? పూయొచ్చు, కానీ దుమ్మును లాగుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల వైపు, ఎర్రమట్టి బాటల మీద తిరిగే బండ్లకు పదిహేను రోజుల్లో నల్లటి ముద్ద అవుతుంది. కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్ వద్దు, జారిపోతాయి. డబ్ల్యూడీ-40 విప్పడానికి మంచిది, కాపలాకు కాదు, త్వరగానే ఆరిపోతుంది.

12. ఎర్ర మూత మళ్లీ పెట్టండి. అది ఊడిపోయి ఎక్కడో పడిపోయి ఉంటే కొత్తది కొనండి, దాని ఖరీదు ఏమంత కాదు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టీ తాగండి.

యాసిడ్ కంట్లో పడితే ఏమీ ఆలోచించకుండా ధారగా నీళ్లతో కనీసం పదిహేను నిమిషాలు కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. కంట్లో సోడా నీళ్లు పోయొద్దు. చర్మం మీద పడితే నీళ్లతో బాగా కడిగితే చాలావరకు సరిపోతుంది.

పని సరిగ్గా అయిందో లేదో చూడటం

స్టార్ట్ అయింది కదా అని వదిలేయకండి. వ్యాజిలిన్ పూసే ముందే ఒక చిన్న పరీక్ష ఉంది, తుడిచి ఆరబెట్టిన పోస్ట్ మొదట్లో రెండు చుక్కలు సోడా నీళ్లు వేయండి. బుడగలు రాకపోతే యాసిడ్ మిగల్లేదు. వస్తే ఆరో స్టెప్పుకు వెళ్లండి. ఎంత తుడిచినా పోస్ట్ చుట్టూ ఒకే చోట మళ్లీ మళ్లీ బుడగలు వస్తుంటే సీలు చిట్లింది, ఆ సంగతి కింద చెప్తా.

మల్టీమీటర్ ఉంటే ఇలా చూడండి. మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర కొన పోస్ట్ సీసం మీద, నల్ల కొన క్లాంప్ మీద ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. సెల్ఫ్ కొట్టినంతసేపు అంకె 0.1 లోపు ఉంటే పని బాగా అయింది. 0.2 దాటితే లోపలి ముఖం సరిగా శుభ్రం కాలేదు, లేదా బిగువు చాలలేదు. నెగెటివ్‌కు కూడా ఇదే. అన్నింటికంటే నమ్మకమైన పరీక్ష ఇది, బ్యాటరీ షాపులో "బ్యాటరీ పోయింది, మార్చాలె" అన్నప్పుడు మీరు ముందు చేయాల్సింది కూడా ఇదే.

తర్వాత బ్యాటరీ వోల్టేజ్. బండి ఆపి కొన్ని గంటలయ్యాక, వీలైతే పొద్దున్నే, 12.6 దగ్గర ఉంటే పూర్తి ఛార్జ్. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 కంటే కింద అంటే ఖాళీ. ఇంజిన్ ఆన్ చేస్తే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. కొన్ని కొత్త బండ్లు ఛార్జింగ్‌ను వాటంతట అవే తగ్గించుకుంటాయి, అలాంటి వాటిలో కాసేపు తక్కువ చూపించినా కంగారు పడొద్దు. 14.8 పైన నిలబడి ఉంటే మాత్రం ఛార్జింగ్ వోల్టేజ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్‌ను మెకానిక్‌కు చూపించండి.

మీటర్ లేనివాళ్లు రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టి, ఆపిన వెంటనే క్లాంపులను ముట్టుకుని చూడండి. రెండింట్లో ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ అతుకు సరిగా లేదు.

నెగెటివ్ తీసి పెట్టాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడిలింగ్ కాస్త ఎగుడుదిగుడుగా ఉండొచ్చు. నాలుగైదు నిమిషాలు అలాగే నడవనిస్తే సర్దుకుంటుంది. పవర్ విండో ఒకేసారి పైకి పోవడం ఆగిపోతే అద్దం పూర్తిగా దించి, మళ్లీ పూర్తిగా ఎక్కించి స్విచ్ కాసేపు పట్టి ఉంచండి, చాలా బండ్లలో సరైపోతుంది.

నెల తిరక్కుండా మళ్లీ వస్తే

అప్పుడు తప్పు టర్మినల్‌ది కాదు, యాసిడ్ ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి.

మొదట చూడాల్సింది నీళ్ల మట్టం. పై గీత దాటి నింపితే ఛార్జ్ అయ్యేటప్పుడు యాసిడ్ మూతల్లోంచి పొంగి పైనంతా పాకుతుంది. రెండు గీతల మధ్య ఉంటే చాలు, ప్లేట్లు మునగాలి, అంతే. ఛార్జ్ అయిన తర్వాత నింపడం మంచిది, ఖాళీ బ్యాటరీలో నిండుగా పోస్తే ఛార్జ్ ఎక్కాక మట్టం పెరుగుతుంది. మట్టం తగ్గిందని యాసిడ్ పోయొద్దు, ఆవిరయ్యేది నీళ్లే.

నీళ్లంటే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఈ ఒక్క విషయం దగ్గర మన జిల్లా వాళ్లతో నాకు ఎప్పుడూ గొడవే. నల్లగొండ నీళ్ల సంగతి దేశానికంతా తెలుసు, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే పడిపోయింది. అలాంటి బోరు నీళ్లు తెచ్చి బ్యాటరీలో, ఇన్వర్టర్‌లో పోసి ఏడాదికే పోయిందని కంపెనీని తిడతారు. బోరు నీళ్లలోని ఉప్పులు, ఇనుము ప్లేట్లను పాడుచేస్తాయి. కాచి చల్లార్చితే ఉప్పులు పోవు, ఇంకా చిక్కనవుతాయి. ఫిల్టర్ ప్లాంటు క్యాన్ నీళ్లలో కూడా కొంత ఉప్పు మిగిలే ఉంటుంది, అవి తాగడానికి. నల్లా నీళ్లు కూడా అంతే. ఏసీ నుంచి కారే నీళ్లు తేటగా కనిపిస్తాయి కానీ కాయిల్ మీది దుమ్మంతా అందులోనే ఉంటుంది. బ్యాటరీ షాపులో సీలు ఉన్న క్యాన్ కొనండి, ప్లాస్టిక్ గరాటుతో పోయండి.

రెండోది ఓవర్ ఛార్జ్. 14.8 పైన నిలబడితే బ్యాటరీ ఉడుకుతున్నట్టే, నీళ్లు తరచూ తగ్గుతాయి, రెండు పోస్టుల దగ్గరా చిలుము వస్తుంది. ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ మార్చకుండా ఎన్నిసార్లు కడిగినా వృథా.

మూడోది బ్యాటరీ కదలడం. పట్టీ లేదా కిందనున్న క్లిప్ పోయి, సైకిల్ ట్యూబుతో కట్టి తిప్పే బండ్లు ఎన్నో. చేత్తో పట్టుకుని కదిపితే బ్యాటరీ కదలకూడదు. గతుకుల రోడ్డు మీద బరువంతా వైర్ల మీద వేలాడితే సీలు అదే చిట్లుతుంది. చిట్లిన సీలుకు ఎంసీల్, అరాల్డైట్ పెట్టేవాళ్లు ఉన్నారు, యాసిడ్ తడి ఉన్న చోట అది పట్టుకోదు. గ్యారంటీ ఉంటే కార్డు తీసుకుని డీలర్ దగ్గరికి వెళ్లండి. లేదంటే వాషర్, స్ప్రేతో నెట్టుకొస్తూ, నెలకోసారి కడుగుతూ, కొత్తదానికి డబ్బు సర్దుకోండి.

ఇంకొకటి చాలామంది చూడరు, బ్యాటరీ పైనున్న దుమ్ము. దుమ్ము, యాసిడ్ తుంపర కలిసి తడి పొరలా పడితే ప్లస్ నుంచి మైనస్‌కు కరెంటు దాని మీదుగానే కారుతుంటుంది. మీటర్ నల్ల కొన నెగెటివ్ పోస్ట్ మీద పెట్టి, ఎర్ర కొన ప్లాస్టిక్ పైభాగం మీద అక్కడక్కడా ఆనించండి. అర వోల్టో, అంతకంటే ఎక్కువో చూపిస్తే సోడా నీళ్ల గుడ్డతో పైనంతా తుడవాల్సిందే. వారానికోసారి హైదరాబాద్ నుంచి ఊరికొచ్చి కారు తీసేవాళ్లకు బ్యాటరీ డౌన్ అవడానికి ఇది కూడా ఒక కారణం. నెల రోజులు తీయకుండా ఉంచే బండికి నెగెటివ్ విప్పేసి గుడ్డ చుట్టి పెట్టండి. ఊరికే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే ఛార్జ్ ఎక్కదు, సెల్ఫ్ కొట్టినందుకే ఇంకా తగ్గుతుంది, తీస్తే అర గంటైనా రోడ్డు మీద నడపండి.

ట్రాక్టర్ వాళ్లకు

పద్ధతి ఇదే, కానీ ట్రాక్టర్‌లో ఎర్త్ వైరు రెండో కొన కూడా చూడాలి. నెగెటివ్ వైరు వెళ్లి ఛాసిస్‌కో, గేర్‌బాక్స్‌కో బిగించిన చోట బురద, తుప్పు పేరుకుని ఉంటుంది, దమ్ము సీజన్ అయ్యాక మరీ ఎక్కువ. ఇక్కడ టర్మినల్ అద్దంలా మెరుస్తున్నా అక్కడ తుప్పు ఉంటే సెల్ఫ్ అందుకోదు. మీటర్ ఒక కొన నెగెటివ్ పోస్ట్ మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఆ బోల్టు విప్పి, లోహం బయటపడేదాకా గీకి, మళ్లీ బిగించి పైన గ్రీజు పూయండి. ఇక్కడ మాత్రం మామూలు గ్రీజే మేలు, బురద నీళ్లను ఆపేది అదే. కార్లలో కూడా అంతా శుభ్రం చేశాక సెల్ఫ్ బలహీనంగానే ఉంటే ఇదే చోట చూడండి. అక్కడా బాగుంటే అప్పుడు బ్యాటరీని లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ బలం చూసే పరీక్ష) చేయించండి. కొత్తది తీసుకోవాల్సి వస్తే పాతదాన్ని ఆ షాపులోనే ఇచ్చి రేటు తగ్గించుకోండి, ఇంటి వెనక పడేయొద్దు.